విజయనగరానికి రెండు రోజులివ్వండి

పోయినేడాది వేసవిలో విశాఖ నుంచి ఒక టూర్ ప్యాకేజీ తీసుకుని విజయనగరం వెళ్లాం. నేను, మా అమ్మ, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి. కాగితం మీద మాత్రం 'చారిత్రక విజయనగరం, సగం రోజు' అని ఉంది. తీరా చూస్తే కోట ముందు పాతిక నిమిషాలు, పైడితల్లమ్మ గుడి దగ్గర పావుగంట. గంటస్తంభాన్నయితే వ్యాన్ ఆపకుండానే కిటికీలోంచి చూపించారు. వెనక సీట్లో కూర్చున్న మా అమ్మ మెల్లిగా అడిగింది: "సంగీత కళాశాల దగ్గర ఒక్క రెండు నిమిషాలు ఆపుతావా బాబూ?" "లిస్టులో లేదమ్మా, టైం అయిపోతోంది" అన్నాడు డ్రైవరు. అమ్మ ఇంకేమీ అనలేదు. విశాఖ దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. 1970ల్లో నాలుగేళ్లు గాత్రం నేర్చుకున్న కాలేజీ అది ఆవిడకి.

ఆ బాధ నాలో అలాగే ఉండిపోయింది. అందుకే ఈసారి సంక్రాంతి సెలవులయ్యాక, ఏ ప్యాకేజీ లేకుండా, మాకు మేమే వెళ్లి రెండు రోజులున్నాం. హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కితే పొద్దున్నకి విజయనగరం స్టేషన్‌లో దిగొచ్చు. విశాఖ నుంచయితే రైల్లో గంట ప్రయాణం. అరకు వెళ్తూనో వస్తూనో ఈ ఊరిని ఒక పూటలో చుట్టేసేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు బస సంగతి. మొదట తీసుకున్న లాడ్జిలో వేడినీళ్లు పొద్దున ఆరింటికే ఆపేశారు. అడిగితే బకెట్‌కి ఇంత అన్నారు. పుష్యమాసం చలిలో 70 ఏళ్ల మనిషితో అక్కడ ఉండలేక, మధ్యాహ్నానికల్లా ఇంకో చోటికి మారిపోయాం. మీరు మాత్రం గది చూసి, కుళాయి తిప్పి చూసుకున్నాకే డబ్బు కట్టండి. స్టేషన్‌కీ కోటకీ మధ్యలో ఎక్కడ దిగినా పరవాలేదు, పాత ఊరు ఆటోకి దగ్గరే.

మొదట సంగీత కళాశాలకే వెళ్లాం. మీరూ అదే చేయండి, అదీ క్లాసులు జరిగే టైములో. సెలవు రోజు వెళ్తే గోడలు తప్ప ఏమీ ఉండదు. ఈ ఊళ్లో అన్నిటికంటే ముందు చూడాల్సింది, కాదు, వినాల్సింది ఇదే అని నా అభిప్రాయం. 1919లో పూసపాటి విజయరామ గజపతి దీన్ని పెట్టారు. సంస్థానంలో కొలువు చేసే ఒకాయన కొడుక్కి చూపు లేదట. ఆ పిల్లాడికి పాట మీద ఉన్న ఇష్టం చూసి, వాడొక్కడికే ఎందుకు, అందరికీ నేర్పిద్దామని మొదలుపెట్టారని ఊళ్లో చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరదామని వచ్చి వయొలిన్ వాయిస్తే, విన్న దాసుగారు నీకిక్కడ నేర్పేదేముంది, నువ్వే నేర్పు అని అధ్యాపకుడిగా పెట్టించారట. అప్పటికి నాయుడుగారికి ఇరవై ఆరేళ్లు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల ఇక్కడే చదువుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయనకి గురువు. చేతిలో డబ్బు లేక ఘంటసాల ఈ ఊరి వీధుల్లోనే జోలె పట్టి మధూకరం ఎత్తుకుని తిన్నారు. పి. సుశీల పుట్టిందీ ఈ ఊళ్లోనే, చదివిందీ ఈ కాలేజీలోనే. ఇంతమంది ఒకే గుమ్మంలోంచి లోపలికి వెళ్లి బయటికొచ్చారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆఫీసులో అడిగాం. మా అమ్మ తను ఫలానా ఏడాదుల్లో చదివానని చెప్పగానే అక్కడున్నాయన లేచి నిలబడి, "కూర్చోండమ్మా, ఎంతసేపైనా వినండి" అన్నారు. వరండాలో ఒక బల్ల మీద కూర్చున్నాం. ఒక గదిలో మృదంగం, పక్క గదిలో వీణ, ఆ పైన ఎక్కడో వయొలిన్ మీద ఒకే స్వరం మళ్లీ మళ్లీ. మాకు ఎదురుగా ఉన్న గదిలో పదిమంది పిల్లలు సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలు పాడుతున్నారు. మాయామాళవగౌళ రాగం, మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం, అంటే ఒక్కోసారికీ వేగం రెట్టింపు. కొత్తగా చేరినవాళ్లలా ఉన్నారు. మొదటి కాలంలో అందరూ ఒక్క గొంతులా సాగారు. రెండో కాలానికి ఇద్దరు ముందుకి జారారు. మూడో కాలానికి వచ్చేసరికి గొంతులు ఒకదాని మీద ఒకటి పడిపోయి, చివరి 'స' దగ్గర మాత్రం ఎలాగో అందరూ కలిశారు.

అమ్మ కళ్లు మూసుకుని ఉంది. కుడి అరచెయ్యి తొడ మీద పడుతోంది: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, మళ్లీ దెబ్బ, చెయ్యి వెల్లకిలా తిప్పే విసర్జితం, దెబ్బ, విసర్జితం. ఆదితాళం. యాభై ఏళ్ల తరవాత కూడా ఆ వేళ్లు ఎక్కడా తడబడలేదు. మూడో కాలం మధ్యలో కళ్లు తెరవకుండానే, "ఆ చివర కూర్చున్న గుంట తొందరపడుతోంది, ఊపిరి సరిగ్గా తీసుకోట్లేదు" అంది నాతో. లేచి కిటికీలోంచి చూశాను. నిజంగానే చివర కూర్చున్న ఓ చిన్నపిల్ల, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, భుజాలు ఎగరేసి ఊపిరి పీలుస్తోంది. లోపలున్న మేడంగారు కూడా ఆ పిల్ల దగ్గరికే వెళ్లి వీపు మీద చెయ్యి వేసి, "నెమ్మదిగా తీసుకో, ఎవరూ తరమట్లేదు" అన్నారు. మా అమ్మాయి అమ్మమ్మ మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. అమ్మమ్మకి ఇంత విద్య ఉందని దానికి అప్పటిదాకా తెలీదు. తప్పు నాదే, నేనెప్పుడూ చెప్పలేదు. గంటంపావు కూర్చున్నాం అక్కడ.

అక్కణ్ణుంచి కోట దగ్గరే. మీకు కోటలంటే గోల్కొండ మాత్రమే గుర్తొస్తే, దీన్ని ఇంకోలా చూడాలి. ఇది కొండ మీద కోట కాదు, నేల మీద చదరంగా కట్టిన రాతి కోట, నాలుగు మూలలా నాలుగు బురుజులు. గోడలు ఒక్కోచోట చాలా వెడల్పు, పైన మనుషులు బారుగా నడవొచ్చు. 1713లో శంకుస్థాపన చేశారు. ఆ ఏడు విజయ నామ సంవత్సరం, ఆ రోజు విజయదశమి, వారం మంగళవారం, అంటే జయవారం. రాజు పేరులోనూ విజయమే, ఊరి పేరులోనూ విజయమే. అలా అయిదు విజయాలు కలిశాయని చెబుతారు. తూర్పు ముఖద్వారాన్ని నగరాఖానా అంటారు, పూర్వం అక్కడ నగారా మోగించేవారు. లోపల మోతీమహల్ ఉంది. 1869లో దర్బారు కోసం కట్టింది. తరవాత మాన్సాస్‌కి ఇచ్చేశారు. మాన్సాస్ అంటే 1958లో పి.వి.జి. రాజుగారు తండ్రి అలక్ నారాయణ గజపతి పేరు మీద పెట్టిన విద్యాసంస్థ. కోటలోనే కాలేజీలు నడుస్తున్నాయి కాబట్టి గేటు దగ్గర అడిగి లోపలికి వెళ్లండి.

నాకు ఈ కోటలో అన్నిటికంటే నచ్చింది సాయంత్రం నాలుగూ నాలుగున్నర మధ్య నగరాఖానా. కాలేజీ వదిలే వేళ. పుస్తకాల సంచులతో ఆడపిల్లలు గుంపులుగా ఆ పెద్ద ద్వారంలోంచి బయటికొస్తారు. ఒకరి చున్నీ ఒకరు లాగుతూ, జామకాయ ముక్కలు పంచుకుంటూ. మూడొందల ఏళ్ల కోట ఖాళీగా పావురాలకి వదిలేయకుండా పిల్లల చదువుకి పనికొస్తుంటే ఎంత బావుందో! ఏ మ్యూజియంలోనూ నాకు ఇంత సంతోషం కలగలేదు.

కోట ముందు జాగాని బొంకులదిబ్బ అంటారు. తెలుగు చదివినవాళ్లకి ఈ పేరు ఎక్కడో తగలాలి. కన్యాశుల్కం నాటకంలో మొదటి రంగం ఇక్కడే. గిరీశం మనకి మొదట కనబడేది ఈ దిబ్బ మీదే. ఆ నాటకాన్ని మొదటిసారి ఆడింది కూడా ఈ ఊళ్లోనే, 1892లో. అచ్చయింది 1897లో, మహారాజు ఆనంద గజపతికి అంకితంగా. గురజాడ ఇల్లు ఇక్కడికి నడిచివెళ్లేంత దూరమే, తప్పకుండా వెళ్లండి. మరీ పెద్ద ఇల్లేమీ కాదు. ఫొటోలు, పాత సామాను, పుస్తకాలు. పది నిమిషాల్లో చూసేయొచ్చు, కానీ పది నిమిషాల్లో బయటికి రాబుద్ధి కాదు. 1915లో పోయేనాటికి ఆయనకి నిండా యాభై నాలుగేళ్లు కూడా లేవు. సంస్థానంలో కొలువు చేస్తూ, అంత ఒంట్లో బాగోలేని మనిషి, ఈ మామూలు గదుల్లో కూర్చుని వాడుకభాష కోసం అంత పని చేశారు. ఇవాళ నేను ఇలా మాట్లాడుకునే తెలుగులో రాస్తున్నానంటే అందులో ఆయన వాటా ఎంతో ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

చీకటి పడుతుంటే గంటస్తంభం దగ్గరికి వచ్చాం. ఎనిమిది పలకల కట్టడం, 68 అడుగుల ఎత్తు, ఎరుపూ మీగడా రంగులు. ఫొటో తీసుకోవాలంటే కష్టం, చుట్టూ తీగలూ బండ్లూ. ఊరికే దాన్ని చూడ్డానికి వెళ్లకండి, దాని కింద బజారు కోసం వెళ్లండి. పూలు, గాజులు, స్టీలు సామాను, బట్టల కొట్లు, మధ్యలో తోపుడుబళ్లు. రద్దీ మాత్రం ఎక్కువే. పెద్దవాళ్లతో వెళ్తే చెయ్యి పట్టుకునే నడవాలి.

టమాటా బజ్జీ తినకుండా ఉత్తరాంధ్ర వదిలి వెళ్లకూడదని మా ఇంట్లో శాసనం. మేం నిలబడ్డ బండి ఒక నడివయసు దంపతులది. ఆయన బాణలి దగ్గర, ఆవిడ పళ్లెం దగ్గర. పండీ పండని టమాటాని శనగపిండిలో ముంచి వేయించి, వేడి మీదే నిలువునా కోస్తారు. లోపలి గుజ్జు కొంచెం నొక్కి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, వేయించిన వేరుశనగ గుళ్లు, కారప్పూస కూరి, పైన నిమ్మకాయ పిండుతారు. ఆవిడ నిమ్మచెక్కని పిండే తీరు చూడాలి. గింజ ఒక్కటి కూడా పడకుండా వేళ్ల సందులోంచి రసం మాత్రమే జారుతుంది. మొదటి ముక్కకి వేడి పులుపు నాలుక మీద చురుక్కుమంటుంది, వెనకే గుళ్లు కరకరలాడతాయి. మా అమ్మాయి మూడోది అడిగితే ఆవిడ నవ్వి, "ఏటమ్మా, పొట్ట నిండిపోతే మురీ మిక్చరు ఎప్పుడు తింతావు?" అంది. అదీ తిన్నాం. మురీలంటే మరమరాలు. పొట్లంలో వేసి ఇస్తారు, అట్టముక్కతో ఎత్తుకుని తినాలి. ముగ్గురికీ కలిపి 130 రూపాయలయింది. ప్యాకేజీవాళ్లు తినిపించిన చల్లారిన భోజనం కంటే వెయ్యి రెట్లు నయం.

రెండో రోజు పొద్దున్నే పైడితల్లమ్మ దర్శనం. అమ్మవారికి ఊళ్లో రెండు గుళ్లు. మూడులాంతర్ల దగ్గరది చదురుగుడి, రైల్వే స్టేషన్ దగ్గరది వనంగుడి. ప్యాకేజీలో మాకు ఒకటే చూపించారు, ఇంకోటి ఉందని కూడా చెప్పలేదు. మంగళవారం బాగా రద్దీ. మేం గురువారం వెళ్లాం, పావుగంటలో దర్శనం అయిపోయింది. ప్రశాంతంగా కూర్చుని అమ్మాయికి కథ చెప్పింది అమ్మ.

పైడిమాంబ రాజుగారి చెల్లెలు. 1757 జనవరిలో అన్నగారు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీతో కలిసి బొబ్బిలి మీదికి వెళ్లాడు. యుద్ధం వద్దని చెల్లెలు వారించినా వినలేదు. అప్పటికి ఆమెకి ఒంటి మీద అమ్మవారు పోసి ఉంది. అన్నకి కీడు జరగబోతోందని మనసుకి తోచి, అలాగే బయల్దేరింది. పక్కన పతివాడ అప్పలనాయుడు ఉన్నాడు. దారిలోనే కబురు తెలిసింది, యుద్ధం గెలిచినా బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో అన్న చనిపోయాడని. ఆమె స్పృహ తప్పింది. మళ్లీ కళ్లు తెరిచి, పెద్దచెరువులో నా ప్రతిమ దొరుకుతుంది, గుడి కట్టి పూజలు చెయ్యండని అప్పలనాయుడికి చెప్పి అమ్మవారిలో కలిసిపోయిందంటారు. మొదటి పూజారి ఆయనే. ఈనాటికీ అమ్మవారి ఉత్సవంలో సిరిమాను అనే పొడవాటి మాను ఎక్కేది ఆయన వంశంవారే.

"గెలిచింది మన రాజులే కదా అమ్మమ్మా, మరి ఎవరూ సంతోషంగా లేరేంటి?" అని అడిగింది మా అమ్మాయి. అమ్మ దాని తల నిమిరింది తప్ప జవాబు చెప్పలేదు. ఊరు ఊరంతా మొక్కేది యుద్ధం గెలిచిన రాజుకి కాదు, యుద్ధం వద్దన్న చెల్లెలికి. చిన్నప్పటి నుంచీ ఈ గుడికి వస్తున్నాను, నాకెప్పుడూ ఇలా తట్టలేదు.

సిరిమానోత్సవం నేను చిన్నప్పుడు రెండుసార్లు చూశాను, దాని గురించి చెప్పకుండా ఈ ఊరి గురించి రాయలేను. విజయదశమి తరవాత వచ్చే మంగళవారం జరుగుతుంది. ముందురోజు రాత్రి తొలేళ్ల ఉత్సవం. మాను ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని నమ్మకం, ఆ చింతచెట్టుని వెతికి పూజ చేసి తెస్తారు. యాభై అరవై అడుగుల మాను, కొసకి ఆసనం కట్టి పూజారిని కూర్చోబెట్టి పైకి లేపుతారు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. మాను చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. నేను ఒక మేడ మీద పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉన్నాను. మాను దగ్గరికొచ్చేసరికి కింద నుంచి అరటిపళ్లు వానలా పైకి లేచాయి. పూజారి మా ఎత్తులోనే, చేతికందేంత దగ్గరగా, విసనకర్ర పట్టుకుని వెళ్లిపోయాడు. ఒక్క క్షణం అంతమంది జనంలో చప్పుడు లేదు. ఆ తరవాత ఒక్కసారిగా "పైడితల్లీ!" అని కేక. లక్షల్లో వస్తారు జనం. చిన్నపిల్లలతో రోడ్డు మీద నిలబడే ధైర్యం చేయకండి. దారిలో తెలిసినవాళ్ల మేడ ఉంటేనే వెళ్లండి.

మధ్యాహ్నం రామతీర్థం వెళ్లాం, నెల్లిమర్ల మీదుగా. ఆటోని పూటకి మాట్లాడుకున్నాం, 700 రూపాయలు. ఊరి నుంచి పది పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది. కింద రాముడి గుడి, చుట్టూ నున్నటి బోడి రాతికొండలు. గురుభక్తులకొండ మీద బౌద్ధుల కాలం నాటి ఇటుక కట్టడాల ఆనవాళ్లున్నాయి. అమ్మని గుడి దగ్గర కూర్చోబెట్టి మేమిద్దరం ఎక్కాం. ఎండ పడకముందే వెళ్తే మంచిది, మేం చేసిన పొరపాటు మీరు చేయకండి. నీళ్లసీసా మోసుకెళ్లాల్సిందే. పైనుంచి పొలాలూ చెరువులూ చూస్తే మాత్రం ఆయాసమంతా పోతుంది.

బొబ్బిలికి టైం సరిపోలేదు. ఇంకో రోజుంటే గొల్లపల్లి వెళ్లండి. వీణలు చేసే ఊరు, పనస మానుని ఒకే ముక్కగా తొలిచి చేసే ఏకాండి వీణలు. అమ్మ ఆ సంగతే రైల్లో దారి పొడుగునా చెబుతూ వచ్చింది.

సాయంత్రం స్టేషన్‌కి ఆటోలో వెళ్తుంటే వనంగుడి ముందు ఆపమంది అమ్మ. డ్రైవరు, "దిగండి పెద్దమ్మా, రైలు లేటేలే, నానున్నాను కదా" అన్నాడు. అన్నట్టుగానే సామానుతో పావుగంట వెయిట్ చేశాడు, పైసా ఎక్కువ అడగలేదు. దర్శనం చేసుకుని వచ్చి ఆటో ఎక్కుతూ అమ్మ అతన్ని, "సిరిమాను రోజు మేడ మీద చోటిచ్చేవాళ్లు ఎవరైనా తెలుసా బాబూ నీకు?" అని అడిగింది. వాళ్ల మేనత్త ఇల్లు సరిగ్గా దారిలోనే ఉందట. ఆవిడ నంబరు రాసుకున్నాను. దసరాకి మా ముగ్గురికీ పిట్టగోడ దగ్గర చోటు దొరికింది.